బోల్టు తల మీద అంకె

ట్రాక్టరు ముందు పోతుంది. ట్రాలీ వెనక వస్తుంది. ట్రాలీని కొన్ని ఊళ్లలో ట్రక్కు అంటారు. కొన్ని ఊళ్లలో తొట్టి అంటారు. పేరు ఏదైనా పని ఒక్కటే.

ట్రాక్టరునూ ట్రాలీనీ కలిపి ఉంచేది ఏది? హుక్కు.

మరి ఆ హుక్కును ట్రాక్టరుకు పట్టి ఉంచేది ఏది? బోల్టులు. ఒక్కో బోల్టు బొటనవేలంత లావు ఉంటుంది. అంతే.

ట్రాలీలో వడ్ల బస్తాలు ఉంటాయి. ఇటుకలు ఉంటాయి. ఇసుక ఉంటుంది. టన్నుల కొద్దీ బరువు. ఆ బరువంతా లాగేది బొటనవేలంత బోల్టులే. గతుకులో పడ్డా అవే ఆపాలి. గట్టు ఎక్కినా అవే లాగాలి.

బోల్టు తెగితే ట్రాలీ విడిపోతుంది. విడిపోయిన ట్రాలీకి డ్రైవరు లేడు. బ్రేకు వేసేవాళ్లు లేరు. వెనక సైకిలు మీద ఎవరు వస్తున్నారో, పక్కన ఎవరు నడుస్తున్నారో దానికి తెలియదు.

అందుకే బోల్టు గురించి తెలుసుకోవాలి. ఇది మెకానిక్కుల పని, మనకెందుకు అనుకోకూడదు. బోల్టు తల మీద అంకెలు ఉంటాయి. అంకెలు చదవడం వచ్చిన ప్రతి మనిషికీ బోల్టు తన సంగతి తానే చెబుతుంది.

సంచిలో నాలుగు బోల్టులు

ఒక ఊళ్లో పన్నెండు మంది ఆడవాళ్ల పొదుపు సంఘం ఉందనుకుందాం. వాళ్లు అప్పు తీసుకుని పాత ట్రాక్టరు కొన్నారు. ఊళ్లో పొలాలకు కిరాయికి తిప్పుతున్నారు. దానికి హుక్కు అరిగిపోయింది. కొత్త హుక్కు ధర ఎక్కువ. పట్నంలో పాత సామాన్ల కొట్లో వాడిన హుక్కు దొరికింది. సగం ధరకే వచ్చింది. కొట్టువాడు హుక్కుతో పాటు చిన్న గోనెసంచి ఇచ్చాడు. అందులో నాలుగు బోల్టులు, నాలుగు నట్లు ఉన్నాయి.

ఊళ్లో మెకానిక్కు కుర్రవాడు వచ్చాడు. సంచి విప్పి చూశాడు.

"బోల్టులు ఉన్నాయి కదక్కా, ఇవే బిగించేస్తాను. పావుగంట పని" అన్నాడు.

సంఘం లెక్కలు రాసే ఆమె పక్కనే ఉంది. ఆమె రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. బోల్టులు చేతిలోకి తీసుకుంది. కొంగుతో తుడిచింది. ఒక బోల్టు తల మీద అంకె కనిపించింది. 8.8 అని ఉంది. రెండో దాని మీద ఏ అంకే లేదు. మూడో దాని మీద అంకె లేదు కానీ మూడు గీతలు ఉన్నాయి. నాలుగోదాని మీద 8.8 ఉంది, కానీ దాని మెడ సన్నబడి ఉంది.

"ఏం తమ్ముడూ, నాలుగూ ఒకే రకం కాదే! దీని మీద రాత ఉంది, దీని మీద లేదు. ఎందుకట్లా?" అని అడిగింది.

కుర్రవాడు తల గోక్కున్నాడు. "బెజ్జంలో పడితే చాలక్కా. అందరూ అట్లాగే వేస్తారు" అన్నాడు.

అందరూ అట్లాగే వేస్తారు. నిజమే. అక్కడే ముప్పు ఉంది. బెజ్జంలో పట్టే బోల్టు వేరు. బరువుకు నిలిచే బోల్టు వేరు.

8.8 అంటే ఏమిటి?

బోల్టులు అన్నీ ఇనుముతోనే చేస్తారు. కానీ అన్ని ఇనుములూ ఒక్కటి కావు. సూదీ ఇనుమే, కట్టుతీగా ఇనుమే. తీగను వేళ్లతో వంచవచ్చు. సూదిని అట్లా వంచలేము. బోల్టుల్లో కూడా మెత్తనివి ఉన్నాయి, గట్టివి ఉన్నాయి. పైకి చూస్తే రెండూ ఒకే రకంగా ఉంటాయి. అందుకే చేసేవాళ్లు తల మీద అంకె వేస్తారు.

సాధారణంగా కనిపించే అంకెలు ఇవి:

4.6 - మెత్తని బోల్టు. గేట్లకు, తలుపులకు, రేకుల షెడ్లకు వాడతారు.

8.8 - గట్టి బోల్టు. షాపుల్లో దీన్ని హైటెన్షన్ బోల్టు అంటారు.

10.9 - ఇంకా గట్టిది.

12.9 - మరీ గట్టిది.

ఈ అంకెల్లో ఒక తేలిక లెక్క ఉంది. చుక్కకు ముందున్న అంకెను, చుక్క తరవాతి అంకెతో హెచ్చవేయాలి.

4.6 బోల్టుకు: 4 × 6 = 24.

8.8 బోల్టుకు: 8 × 8 = 64.

10.9 బోల్టుకు: 10 × 9 = 90.

ఈ 24, 64, 90 ఏమిటి? అవి కిలోలు. స్కేలు మీద అన్నిటికన్నా చిన్న గడి ఒక మిల్లీమీటరు. ఒక మిల్లీమీటరు పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు ఉన్న ఇనప ముక్కను ఊహించండి. ఆవగింజంత కూడా ఉండదు. 4.6 రకం అయితే అంత ముక్క సుమారు 24 కిలోల లాగుడు వరకు ఓర్చుకుంటుంది. అది దాటితే సాగిపోతుంది. సాగింది మళ్లీ వెనక్కి రాదు. 8.8 రకం అయితే సుమారు 64 కిలోల వరకు ఓర్చుకుంటుంది.

ఇప్పుడు అసలు బోల్టు సంగతి చూద్దాం. 16 మిల్లీమీటర్ల లావున్న బోల్టు తీసుకుందాం. మరలు ఉన్న చోట లోపల గట్టి ఇనుము సుమారు 157 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది.

మెత్తని బోల్టు: 157 × 24 = 3,768 కిలోలు.

గట్టి బోల్టు: 157 × 64 = 10,048 కిలోలు.

చూశారా? లావు ఒక్కటే. పొడవు ఒక్కటే. ఒకటి మూడున్నర టన్నులు దాటాక సాగిపోతుంది. ఇంకొకటి పది టన్నుల దాకా ఆగుతుంది. ఇది నిలువుగా, నెమ్మదిగా లాగినప్పటి లెక్క. గతుకుల్లో ట్రాలీ ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు కుదుపు తగులుతుంది. పక్కకు కోసేసే బలం తగులుతుంది. అప్పుడు ఏ బోల్టుకైనా ఓర్పు తగ్గుతుంది. మెత్తని బోల్టుకు ఇంకా కష్టం.

మరి అంకె లేని బోల్టు సంగతి? అది గట్టిదో మెత్తనిదో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు మెత్తనిదనే అనుకోవాలి. హుక్కుకు వాడకూడదు.

మరీ గట్టిది వేస్తే పోలా?

8.8 కన్నా 12.9 గట్టిది కదా, అదే వేస్తే పోలా అని అనిపిస్తుంది. అట్లా కాదు. గట్టిదనం పెరిగేకొద్దీ ఓర్చుకుని వంగే గుణం తగ్గుతుంది. మట్టికుండ గట్టిగానే ఉంటుంది, దెబ్బ తగిలితే పగులుతుంది. సత్తు గిన్నె సొట్టపడుతుంది గానీ పగలదు. బోల్టుకు గట్టిదనమూ కావాలి, కొంచెం ఓర్పూ కావాలి.

ట్రాక్టరుతో వచ్చే పుస్తకంలో ఏ బోల్టు వాడాలో ఉంటుంది. పుస్తకం లేకపోతే ఆ కంపెనీ సర్వీసు షాపులో అడగాలి. వాళ్లు 8.8 అంటే 8.8 వేయాలి. 10.9 అంటే 10.9 వేయాలి. చెప్పినదానికన్నా తక్కువ అంకె ఎప్పుడూ వేయకూడదు.

ఇంకో మాట. కొన్ని బోల్టులు వెండిలా తళతళలాడతాయి. అవి స్టెయిన్‌లెస్ స్టీలువి. తుప్పు పట్టవు. అందుకని అవే మంచివి అనుకుంటారు. కానీ మామూలుగా దొరికే స్టెయిన్‌లెస్ బోల్టుకు 8.8 అంత బలం ఉండదు. మెరిసేదల్లా బలమైంది కాదు.

మూడు గీతల బోల్టు

సంచిలో మూడో బోల్టు మీద మూడు గీతలు ఉన్నాయి. అది అంగుళాల లెక్కలో చేసిన బోల్టు. మూడు గీతలు ఉంటే ఒక రకం గట్టిదనం. ఆరు గీతలు ఉంటే ఇంకా గట్టిది. కొన్ని పాత ట్రాక్టర్లలో ఇట్లాంటి బోల్టులు ఉంటాయి.

అది చెడ్డ బోల్టు కాదు. కానీ మిల్లీమీటర్ల నట్టు దానికి సరిపోదు. అంగుళంలో ఎనిమిది భాగాలు చేసి అయిదు తీసుకుంటే 15.9 మిల్లీమీటర్లు వస్తుంది. 16 మిల్లీమీటర్ల బోల్టుకూ దీనికీ లావులో తేడా కంటికి కనపడదు. కానీ మర చుట్లు వేరు.

సీసాకు వేరే సీసా మూత పెట్టి చూడండి. ఒక చుట్టు తిరుగుతుంది. తరవాత అడ్డం పడుతుంది. లేదా వదులుగా తిరిగి ఊడి వస్తుంది. నట్టూ అంతే. మెకానిక్కు బలవంతాన పానా పెట్టి తిప్పితే నట్టు ఎక్కినట్టే ఉంటుంది. లోపల మరలు నలిగిపోతాయి. బిగువు వచ్చిందనుకుంటాం. అది బిగువు కాదు, ఇరుకు.

తేడా ఎట్లా కనిపెట్టాలి? స్కేలు ఉంటే చాలు. మరల మీద స్కేలు పెట్టండి. పది చుట్లు లెక్కపెట్టండి. 16 మిల్లీమీటర్ల మామూలు బోల్టుకు పది చుట్లు 20 మిల్లీమీటర్లలో వస్తాయి. అంగుళాల బోల్టులో ఎక్కువగా దొరికే రకానికి పది చుట్లు సుమారు 23 మిల్లీమీటర్లు పడతాయి. స్కేలు చెబితే వాదన లేదు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. కొత్త నట్టు, కొత్త బోల్టు వేళ్లతోనే చివరిదాకా తిరగాలి. పానా అవసరం రాకూడదు. వేళ్లతో తిరగకపోతే అవి జత కాదు. చివర్లో నైలాను చుట్టు ఉన్న నట్టు అయితే నైలాను తగిలేదాకా వేళ్లతో తిరగాలి.

మెడ సన్నబడిన బోల్టు

నాలుగో బోల్టు మీద 8.8 ఉంది. అయినా పనికి రాదు. ఎందుకంటే దాని మెడ సన్నబడింది. అంటే ఎప్పుడో దాని ఓర్పుకు మించి లాగారు. అది సాగింది. రవిక కుట్టు ఒకసారి సాగితే మళ్లీ బిగువు రానట్టే, సాగిన బోల్టుకు మళ్లీ బిగువు రాదు.

మొదటి బోల్టు చూడడానికి బాగానే ఉంది. కొంచెం తుప్పు ఉంది. మరి దాన్ని వాడవచ్చా? దాని వెనక ఎన్ని ఏళ్ల పని ఉందో తెలియదు. కట్టుతీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుంది? మొదట ఏమీ కాదు. పదిసార్లు, ఇరవైసార్లు అయ్యాక పుటుక్కున తెగుతుంది. బోల్టు కూడా అంతే. వదులుగా ఉండి కదులుతూ ఉంటే లోపల సన్నటి పగులు పుడుతుంది. కంటికి కనపడదు. ఒకరోజు తెగుతుంది.

అందుకే పాత హుక్కు కొనవచ్చు గానీ పాత బోల్టు వేయకూడదు. హుక్కు మీద మిగిలిన డబ్బులో బోల్టుల ఖర్చు చిన్నది. నాలుగు బోల్టులూ కొత్తవి, ఒకే అంకెవి, ఒకే లావువి కొనాలి. నట్లు కూడా కొత్తవే కావాలి. నట్టు మీద కూడా అంకె ఉంటుంది. 8.8 బోల్టుకు 8 అంకె ఉన్న నట్టు వేయాలి. 10.9 బోల్టుకు 10 అంకె నట్టు వేయాలి. గట్టి బోల్టుకు మెత్తని నట్టు వేస్తే నట్టు మరలే ఊడిపోతాయి.

హుక్కునూ చూడాలి

బోల్టు కన్నా ముందు హుక్కును పరీక్ష చేయాలి. వెల్డింగు చేసిన చోట్ల, మూలల్లో, బెజ్జాల చుట్టూ పగుళ్లు ఉంటాయి. పైన రంగు వేసి అమ్ముతారు. రంగు కింద పగులు దాగుతుంది.

ఒక పాత పద్ధతి ఉంది. రంగును బ్రష్షుతో గీకి శుభ్రం చేయాలి. కిరసనాయిలు గానీ డీజిలు గానీ రాయాలి. కాసేపు ఉంచాలి. తరవాత గుడ్డతో పొడిగా తుడిచేయాలి. ఇప్పుడు సుద్దముక్క పొడి చేసి పైన చల్లాలి. పగులు ఉంటే లోపల దాగిన నూనె పైకి వస్తుంది. తెల్లటి సుద్ద మీద తడి గీత కనపడుతుంది. గీత కనపడితే ఆ హుక్కు కొనవద్దు. ఈ పని చేసేటప్పుడు దగ్గర్లో పొయ్యి, బీడీ ఉండకూడదు.

బెజ్జాలు కూడా చూడాలి. బెజ్జం గుండ్రంగా ఉండాలి. కోడిగుడ్డులా సాగి ఉంటే బోల్టు లోపల కదులుతుంది. 16 బోల్టుకు బెజ్జం 17, మహా అయితే 17.5 మిల్లీమీటర్లు ఉండాలి. సాగిన బెజ్జానికి రెండు వాషర్లు ఎక్కువ వేసి సరిపెట్టకూడదు. మంచి వర్కుషాపులో ఆ బెజ్జాన్ని వెల్డింగుతో పూడ్చి మళ్లీ తోలించాలి. లేదా పలక మార్పించాలి.

లావు, పొడవు ఎట్లా చెప్పాలి?

షాపుకు వెళ్లి "పెద్ద బోల్టు ఇవ్వండి" అంటే పెద్ద బోల్టే ఇస్తాడు. మనకు కావలసింది రాదు. మూడు అంకెలు చెప్పాలి. లావు, పొడవు, గట్టిదనం.

లావు అంటే మరలు ఉన్న కాడ లావు. తల లావు కాదు. పానా అంకె కూడా కాదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. 16 బోల్టును తిప్పే పానా మీద 24 అని ఉంటుంది. "24 బోల్టు" అని అడిగితే మరీ లావుది ఇస్తారు.

పొడవు అంటే తల కింద నుంచి చివరిదాకా. తలను లెక్కలోకి తీసుకోరు.

పొడవు ఎంత కావాలో సంఘం ఆడవాళ్లు ఇట్లా లెక్క వేశారు:

హుక్కు పలక మందం: 16

ట్రాక్టరు వైపు ఇనుము మందం: 20

తల కింద వాషరు: 3

నట్టు కింద వాషరు: 3

నైలాను నట్టు ఎత్తు: 16

నట్టు బయటికి రావలసిన మరలు: 4

మొత్తం: 62 మిల్లీమీటర్లు.

62 పొడవు బోల్టు షాపులో దొరకదు. 60 ఉంటుంది, 65 ఉంటుంది. 60 వేస్తే మర నట్టు దాటి సరిగా బయటికి రాదు. అందుకని 65 తీసుకోవాలి. నట్టు బిగించాక రెండు మూడు చుట్లు బయటికి కనపడాలి. అప్పుడే నట్టు పూర్తిగా పట్టుకున్నట్టు.

ఇంకో సంగతి. కొన్ని బోల్టులకు తల దాకా మరలు ఉంటాయి. కొన్నిటికి తల కింద కొంత దూరం నున్నగా ఉంటుంది. హుక్కుకు నున్నటి మెడ ఉన్నదే కావాలి. రెండు పలకలు కలిసే చోట పక్కకు కోసే బలం ఎక్కువ. ఆ చోట నున్నటి మెడ ఉండాలి. మరలు ఉన్న చోట ఇనుము తక్కువ. అక్కడ కోత పడితే బోల్టు త్వరగా తెగుతుంది.

కొన్ని ట్రాక్టర్లకు నట్టు ఉండదు. బోల్టు నేరుగా వెనక పెట్టెలోని మరల్లోకి పోతుంది. అక్కడ పొడవు మరీ జాగ్రత్తగా చూడాలి. పొడవు ఎక్కువైతే చివర అడుగుకు తగులుతుంది. పానా బిగిసినట్టే ఉంటుంది, పలక మాత్రం వదులుగా ఉంటుంది. పొడవు తక్కువైతే నాలుగు మరలే పట్టుకుంటాయి. ఆ పెట్టె పోత ఇనుముది. అందుకని 16 బోల్టు కనీసం 24 మిల్లీమీటర్లు లోపలికి దిగాలి.

షాపులో

సంఘం నుంచి ఇద్దరు పట్నం వెళ్లారు. చీటీ మీద రాసుకుని వెళ్లారు. లావు 16. పొడవు 65. అంకె 8.8. నున్నటి మెడ. నాలుగు. నైలాను నట్లు, అంకె 8. నాలుగు. గట్టి వాషర్లు ఎనిమిది.

షాపు ఆయన డబ్బాలోంచి నాలుగు బోల్టులు తీసి ఇచ్చాడు. వాళ్లు తల తిప్పి చూశారు. అంకె లేదు.

"అన్నా, దీని మీద 8.8 లేదే" అన్నారు.

"అంకెదేముందమ్మా, ఇది కూడా గట్టిదే. ధర కూడా తక్కువ" అన్నాడు ఆయన.

"గట్టిదైతే చేసినవాళ్లు అంకె వేసేవాళ్లు కదన్నా. మాకు అంకె ఉన్నదే ఇవ్వు. బిల్లు మీద కూడా 8.8 అని రాయి" అన్నారు.

ఆయన లోపలికి వెళ్లి వేరే డబ్బా తెచ్చాడు. ఆ బోల్టుల తల మీద అంకె ఉంది. చేసిన కంపెనీ గుర్తు కూడా ఉంది. ఈ రెండూ ఉండాలి. అంకె ఉండి కంపెనీ గుర్తు లేకపోతే అనుమానించాలి.

బిగించేటప్పుడు

ముందు ట్రాలీని విడదీయాలి. ట్రాక్టరు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టాలి. ఇంజను ఆపి తాళం తీసుకోవాలి. పలకలు కలిసే చోట మట్టి, తుప్పు, మందపాటి రంగు గీకేయాలి. మధ్యలో మట్టి ఉంటే పలకలు అతుక్కోవు.

బోల్టు పని పలకలను గట్టిగా అదిమి పట్టడం. కట్టెల మోపుకు తాడు బిగించి కడితే ఒక్క పుల్ల కదలదు. వదులుగా కడితే మోపు దారిలోనే జారిపోతుంది. బోల్టూ అంతే. వదులుగా ఉంటే పలక జరుగుతుంది. ప్రతి గతుకూ బోల్టుకు సుత్తి దెబ్బే.

మరి ఎంత బిగించాలి? ట్రాక్టరు పుస్తకంలో ఉంటే అదే చేయాలి. మామూలుగా 16 లావున్న 8.8 బోల్టుకు లెక్క ఇది. ఒక మీటరు పొడవు పానా చివర సుమారు 20 కిలోల బలం పెట్టాలి. అర మీటరు పానా అయితే 40 కిలోల బలం కావాలి. పొట్టి పానాతో చేత్తో తిప్పితే ఆ బిగువు రాదు. పానాకు పెద్ద గొట్టం తొడిగి ఇద్దరు వేలాడితే బోల్టు సాగిపోతుంది. రెండూ తప్పే. బిగువు కొలిచే పానా వర్కుషాపుల్లో ఉంటుంది. దాన్ని టార్కు పానా అంటారు. దానితో బిగించమని అడగాలి. మరలకు నూనె రాసి ఉంటే అదే బలానికి బిగువు ఎక్కువ వస్తుంది. ఆ సంగతి మెకానిక్కుకు చెప్పాలి.

నాలుగు బోల్టులూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఒకదాన్నే ముందు పూర్తిగా బిగిస్తే పలక ఒక పక్కకు లేస్తుంది.

నైలాను నట్టు ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు. కొత్తది వేయాలి.

బోల్టు ఊడకుండా తలను పలకకు వెల్డింగు చేద్దాం అని కొందరు అంటారు. ఒప్పుకోవద్దు. గట్టి బోల్టును వేడిచేస్తే దాని గట్టిదనం పోతుంది. తల మీద 8.8 అని ఉంటుంది, లోపల మాత్రం మెత్తబడుతుంది.

బిగించాక సంఘం ఆడవాళ్లు ఒక పని చేశారు. నట్టు మీద నుంచి పలక మీదికి తెల్లరంగుతో ఒక గీత గీశారు. నట్టు కదిలితే గీత విడిపోతుంది. పొద్దున్నే దూరం నుంచి చూసినా తెలుస్తుంది. రంగు లేకపోతే గోళ్లరంగు చాలు.

మొదటి రోజు ఒక ట్రిప్పు తిరిగి వచ్చింది. చూస్తే ఒక నట్టు గీత కొంచెం జరిగింది. పలకల మధ్య రంగు నలిగి సందు ఏర్పడింది. ఇది మామూలే. మళ్లీ సరిగా బిగించాలి. మొదటి బరువు తరవాత తప్పకుండా చూడాలి. తరవాత రోజూ పొద్దున గీతలు చూసుకోవాలి. ఒకే నట్టు మళ్లీ మళ్లీ వదులవుతుంటే ఊరికే బిగించి పంపకూడదు. లోపల ఏదో తేడా ఉంది. బండి ఆపి చూడాలి.

పిన్ను, గొలుసు

బోల్టులు ఎంత మంచివైనా పిన్ను చెడ్డదైతే లాభం లేదు. ట్రాలీ ముక్కును హుక్కులో పట్టి ఉంచేది పిన్ను. పిన్ను పోతే కొందరు ఇళ్లకు వాడే ఇనప చువ్వ ముక్క దూర్చేస్తారు. చువ్వ వంగుతుంది, ఎగిరి బయటికి వస్తుంది. హుక్కుకు తగిన పిన్నే వేయాలి. పిన్ను కింద లాకు క్లిప్పు పెట్టాలి. తీగ చుట్టడం లాకు కాదు.

దానితో పాటు గట్టి గొలుసు కట్టాలి. గొలుసును హుక్కుకే కట్టకూడదు. హుక్కు ఊడితే గొలుసూ దానితో పోతుంది. ట్రాక్టరు ఒంటికి వేరే చోట కట్టాలి. అప్పుడు హుక్కు తెగినా గొలుసు పట్టుకుంటుంది.

ట్రాలీ సరుకులకే

ట్రాలీ సరుకులు మోసే బండి. మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. అయినా నాట్లకు, కలుపులకు, పత్తి తీతలకు ఆడవాళ్లు ట్రాలీలోనే వెళ్తున్నారు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు కాలువలో బోల్తా పడింది. 15 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడకూలీలే. అది బోల్టుల వల్ల జరిగిందని కాదు. ట్రాలీలో కూర్చున్నవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదని, దూకడానికి సమయం ఉండదని ఆ రోజు తెలిసింది. ప్రమాదం జరిగితే ట్రాలీలో కూర్చున్నవాళ్లకు బీమా డబ్బు రావడం కూడా సాధారణంగా కష్టమే.

సంఘం ఆడవాళ్లు తీర్మానం రాసుకున్నారు. తమ ట్రాలీలో మనుషులను ఎక్కించరు. రోడ్డు మీద పోయేవాళ్ల కోసం బోల్టులు మంచివి వేశారు. తమ వాళ్ల కోసం ఈ నియమం పెట్టుకున్నారు.

లెక్కల పుస్తకంలో ఇంకో పేజీ కూడా రాశారు. బిగించిన తేదీ. బోల్టు అంకె. లావు, పొడవు. మళ్లీ బిగించిన రోజు. షాపు బిల్లు ఆ పేజీకి గుచ్చారు. మెకానిక్కు కుర్రవాడు ఆ పేజీ చూశాడు. సంచిలోని పాత బోల్టులు నాలుగూ పాత ఇనుము వాడికి వేశాడు. వాటికి వచ్చిన డబ్బు తెచ్చి సంఘానికి ఇచ్చాడు. ఆ డబ్బు కూడా పుస్తకంలో ఎక్కింది.

గుర్తు పెట్టుకోండి

పాత హుక్కుకైనా కొత్త బోల్టులే వేయాలి.

అంకె లేని బోల్టు వద్దు. చెప్పినదానికన్నా తక్కువ అంకె వద్దు.

నట్టు అంకె బోల్టుకు తగినది కావాలి.

నట్టు వేళ్లతో తిరగాలి. రెండు మూడు మరలు బయటికి కనపడాలి.

వెల్డింగు వద్దు. చువ్వ పిన్ను వద్దు.

మొదటి బరువు తరవాత మళ్లీ బిగించాలి. రోజూ గీత చూడాలి.

చెప్పుకోండి చూద్దాం

1. 10.9 బోల్టులో అంకెలు హెచ్చవేస్తే ఎంత వస్తుంది? అది 8.8 కన్నా ఎంత ఎక్కువ?

2. పలకలు రెండూ కలిపి 30 మిల్లీమీటర్లు. వాషర్లు రెండూ కలిపి 6. నట్టు 16. బయటికి 4. బోల్టు ఎంత పొడవు కావాలి? షాపులో 55, 60 ఉన్నాయి. ఏది కొంటారు?

3. మీ ఊళ్లో ట్రాక్టరు హుక్కు బోల్టులు చూడండి. తల మీద ఏ అంకె ఉంది? అంకె లేకపోతే ఎవరికి చెబుతారు?